గర్భిణుల పంటినొప్పి: కానుపువఱకు ఆగవలెనా?

మన గృహములలో గర్భవతికి జరుగు జాగ్రత్తలకు కొదువలేదు. గ్రహణము పట్టినచో నామెను కదలనీయరు, కత్తిపీట ముట్టనీయరు. కదలినచో బిడ్డకు గ్రహణమొఱ్ఱి వచ్చునని భయపడుదురు. ఈ భయమునకు ఆధారమేమియు లేదు. కాని అదే గర్భవతి దవడపన్ను పుచ్చి, చెంప వాచి, మూడురాత్రులు నిద్రలేక కూర్చుండినచో ఇంటిల్లిపాదియు నొక్కటే మాట చెప్పుదురు: "కొంచె మోర్చుకొమ్ము, కానుపు కానిమ్ము." లేని ప్రమాదమునకు తలుపులు మూసికొను ఇల్లు ఉన్న ప్రమాదమును ఓర్చుకొమ్మనుట వింతగా నున్నది. ఈ మాటను గూర్చియే నేడు కొంత విచారింపదలచితిమి.

మా యెఱుకలోని యొక కుటుంబమున జరిగిన సంగతి చెప్పెదము. వారు కలిగినవారు, చదువుకొన్నవారు. కోడలికి నాలుగవ నెలలో క్రిందిదవడ పన్ను నొప్పి పుట్టెను. లవంగము పెట్టించిరి, తగ్గెను. ఐదవ నెలలో మరల వచ్చెను. మందుల అంగడినుండి బిళ్ళలు తెప్పించిరి. అవి కావలసినది గర్భవతికని అంగడివానితో చెప్పవలెనని ఎవరికిని తోచలేదు. ఏడవ నెలలో పుట్టినింటికి పోవునుగదా, అచ్చట చూపించుకొనునని అత్తవారు తలచిరి. నెలలు నిండుచున్న పిల్లకు పన్ను తీయింప మేమెట్లు సాహసింతుమని పుట్టినింటివారు తలచిరి. ఎనిమిదవ నెలలో ఒక రాత్రి జ్వరము తగిలి, దవడ క్రింద వాపు దిగి, నోరు తెఱువరాక, మ్రింగుట దుర్లభమైనప్పుడు ఆమెను ఆసుపత్రికి మోసికొనిపోయిరి. చీము తీసి, పన్ను తీసి, వారముదినము లచ్చటనే యుంచిరి. తల్లియు బిడ్డయు దైవానుగ్రహమున క్షేమముగా బయటపడిరి. ఇందు దుర్మార్గు లెవ్వరును లేరు. అందఱును జాగ్రత్తపరులే. నాలుగవ నెలలో ఒక పూటలో తీరిపోవలసిన పని ఆ జాగ్రత్తవలననే అంతవఱకు వచ్చినది.

ఇచ్చట మన యాచారమునకును వైద్యశాస్త్రమునకును ఒక చిత్రమైన వైరుధ్యము గలదు. పంటి చికిత్సకు ఏ మాసమందైనను అభ్యంతరము లేదు. అయినను తల్లికి సుఖముగా నుండు కాలము నాలుగవ నెల మొదలుకొని ఆఱవ నెలవఱకు. అంతకు మున్ను వేవిళ్ళు బాధించును. ఆ పిమ్మట పొట్ట బరువై కుర్చీలో వెల్లకిల పరుండుట కష్టమగును. మన దేశమున తొలిచూలు స్త్రీ ఈ మూడు మాసములును సాధారణముగా అత్తవారింటనే గడపును. సీమంతమై పుట్టినిల్లు చేరునప్పటికి ఆ యనుకూల సమయము దాటిపోవును. కావున ఈ విషయమున బాధ్యత ప్రధానముగా భర్తదియు అత్తమామలదియు నగుచున్నది. వారు దానిని వియ్యాలవారికి వదలుట న్యాయము కాదు.

గర్భములోని బిడ్డ తల్లి పండ్లలోని సున్నమును లాగికొనునని, ప్రతి కానుపునకు ఒక పన్ను పోవుట సహజమేనని నమ్మువారు నేటికిని పెక్కుమంది గలరు. ఇది నిజము కాదు. ఒకసారి ఏర్పడిన పంటినుండి సున్నము తిరిగి రక్తములోనికి పోదు. తల్లి తిండిలో కొఱత యున్నచో ఎముకలనుండి కొంత పోవును. అందుకే పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు కావలసినది. పండ్లు చెడుటకు కారణములు వేఱు. గర్భధారణమువలన శరీరములో పెరుగు స్రావముల ప్రభావమున చిగుళ్ళు ఎఱ్ఱబడి, వాచి, తోముకొన్నప్పుడు రక్తము కారును. ఇది రెండవ నెలనుండి కనబడి ఎనిమిదవ నెలకు హెచ్చి కానుపు తరువాత తగ్గుట సాధారణము. రక్తము వచ్చుచున్నదని తోముకొనుటయే మానివేయుదురు. దానితో పాచి పేరుకొని చిగురు మఱింత చెడును. మెత్తని కుంచెతో దినమునకు రెండుమారులు తోముకొనుటయే దానికి మందు. వేవిళ్ళవలన కడుపులోని పులుపు మాటిమాటికి నోటికి వచ్చి పంటిపై పొరను కరగించును. వాంతియైన వెంటనే తోముకొన్నచో మెత్తబడిన పొర అరిగిపోవును; గ్లాసెడు నీటిలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, ఒక గంట ఆగి తోముకొనవలెను. ఇక పుల్లమామిడి, చింతకాయ, చలిమిడి, మిఠాయి - గర్భవతి కోరినది పెట్టుట మన ధర్మము, కాదనము. తిన్న వెనుక నోరు పుక్కిలించుకొమ్మని చెప్పుట కూడ ఆ ధర్మములోనిదే.

చికిత్సవలన గర్భమునకు హాని కలుగునా యనునది అసలు సంశయము. 2006లో అమెరికాలో 823 మంది గర్భిణులను రెండు తెగలుగా విభజించి, ఒక తెగవారికి ఇరువదియొకటవ వారము రాకమున్నే చిగుళ్ళ చికిత్స చేసి, రెండవ తెగవారికి కానుపైన తరువాత చేసి, ఫలితములను ప్రకటించిరి. నెలలు నిండక ప్రసవించినవారు మొదటి తెగలో నూటికి 12, రెండవ తెగలో ఇంచుమించు 13. చికిత్స కీడు చేయలేదు. అకాలప్రసవమును అది తప్పించుననియు ఋజువు కాలేదు. ఆ మాటయు దాచుట మాకు సమ్మతము కాదు. చికిత్స కావలసినది అందుకొఱకు కాదు, తల్లి బాధ తీరుటకు, చీము వ్యాపింపకుండుటకు. 2013లో అమెరికా ప్రసూతివైద్యుల సంఘము, పంటికి ఎక్సురే తీయుటయు, లిగ్నోకెయిను సూదితో తిమ్మిరెక్కించుటయు, పన్ను తీయుటయు, పుచ్చిన పన్ను పూడ్చుటయు, పంటివేరు శుభ్రపఱచుటయు గర్భవతికి చేయవచ్చునని స్పష్టముగా తెలిపినది. ఎక్సురేకు పొట్టపైనను కంఠముపైనను సీసపు తొడుగు కప్పుదురు. కిరణములు పడునది దవడమీద, అదియు లేశమాత్రము. నెలలు నిండినవారు వెల్లకిల పరుండినచో గర్భభారము పెద్దరక్తనాళముపై పడి కన్నులు తిరుగును. కుడితుంటి క్రింద చిన్న దిండుంచి ఎడమవైపునకు కొంచెము ఒరిగించినచో ఆ బాధ యుండదు.

మందులమాట కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన ఈ వ్యవహారమున నిజమైన ప్రమాదము దంతవైద్యుని కుర్చీలో కంటె మందుల అంగడిలో ఎక్కువగా నున్నది. పంటినొప్పి యనగానే అంగడివాడిచ్చు బిళ్ళలలో తఱచుగా డైక్లోఫెనాకు, ఎసిక్లోఫెనాకు, ఐబుప్రొఫెను వంటివి యుండును. పారాసిటమాలుతో కలిపి ఒకే బిళ్ళగా అమ్ముటచేత అవి యున్నట్లే తెలియదు. ఇరువది వారములు దాటిన పిమ్మట ఇవి బిడ్డ మూత్రపిండములను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గింపవచ్చునని 2020లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. చివరి మూడునెలలలో బిడ్డ గుండెవద్ద తెఱచియుండవలసిన రక్తనాళము ముందుగనే మూసికొను భయము గలదు. ప్రసూతివైద్యురాలు వేఱు కారణమునకు ఆస్పిరినును స్వల్పమోతాదున వ్రాసియిచ్చినచో అది వేఱు సంగతి. దానిని తమంతట మానరాదు. నొప్పికి వైద్యుడు చెప్పిన మోతాదులో, కావలసినన్ని దినములే, పారాసిటమాలు ఒక్కటియే వాడుట మేలు. చీము పట్టినచో అమాక్సిసిలిను వంటి మందులు గర్భవతికి ఇయ్యదగినవే. టెట్రాసైక్లిను జాతివి పనికిరావు, పుట్టబోవు బిడ్డ పండ్లు పసుపుబాఱును. ఇక లవంగనూనె నొప్పిని కొంతసేపు మఱపించును గాని పుప్పిని మాన్పదు. మితిమీరినచో చిగురును కాల్చును. పొగాకు నదిమిపెట్టుట పల్లెలలో నేటికిని గలదు. దాని విషము తల్లి రక్తముద్వారా బిడ్డకు చేరి బరువు తగ్గించును. ఇది తక్షణము మానిపింపవలసిన యలవాటు.

"కానుపు కానిమ్ము" అను మాటకు కానుపుతో ముగింపు లేదు. కానుపైన పిమ్మట, బాలింతరాలు, చన్నీరు తగులరాదు, పన్ను కదలింపరాదు అందురు. పథ్యము తీరినపిమ్మట, చంటిపిల్లతల్లి, మందులు పాలలో దిగును అందురు. ఆపైన పసిబిడ్డను విడిచిపోవుటకు తీరిక దొరకదు. ఇట్లు రెండేండ్లు గడచునప్పటికి ఒక పన్ను పోయి ప్రక్కపన్ను చెడియుండును. అంతతో పోదు. తల్లి నోటిలో పండ్లను తొలుచు సూక్ష్మక్రిములు ఆమె ఉమ్మిద్వారా బిడ్డకు సంక్రమించును. నమిలి ముద్దపెట్టుటయు, తన నోటిలో చల్లార్చిన చెంచాతోనే బిడ్డకు తినిపించుటయు దానికి రాజమార్గములు. తల్లి నోరు శుభ్రపడినచో బిడ్డ పాలపండ్లకు ఆ మేరకు రక్ష.

దంతవైద్యులతోను ఒకమాట చెప్పవలసియున్నది. గర్భవతి యనగానే "ప్రసూతివైద్యురాలి చీటి తెమ్ము" అని త్రిప్పిపంపువారు కొందఱు గలరు. రక్తపుపోటు, గుండెజబ్బు, రక్తస్రావము ఉన్నవారి విషయమున సంప్రతించుట అవశ్యకమే. ఆరోగ్యవతిని చీటికొఱకు ఊరూర త్రిప్పుట మాత్రము చికిత్సను నిరాకరించుటయే. ఒక్క దూరవాణి పలకరింపుతో తీరు పనికి ఆమె రెండు బస్సు లెక్కవలెనా?

2016 మొదలుకొని ప్రతినెల తొమ్మిదవ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. బరువు, రక్తము, పోటు చూతురు. నోరు తెఱువుమని అడుగువారు అరుదు. వారడుగకున్నను మనమడుగవచ్చును. పెక్కు పెద్ద ఆసుపత్రులలో దంతవైద్యుడు అదే ప్రాంగణములో కూర్చుండును. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలే గలవు. నెల తప్పినదని తెలిసిన తొలి పరీక్షనాడే పండ్లు కూడ చూపించి, చేయవలసినది నాలుగవ నెలలో చేయించుకొనుట మంచిది. చెంప వాచి జ్వరము వచ్చినను, నోరు తెఱచుకొనకున్నను, మ్రింగుటయో శ్వాసయో కష్టమైనను, ఏ నెలయని గాని ఏ తిథియని గాని చూడక ఆ గడియలోనే బండి కట్టవలెను.