ఇంజంక్షన్ దావాకు వెల కట్టేదెవరు?

కోల్‌కతా: అప్పు రాబట్టుకోవడానికి దావా వేసిన వ్యక్తిని దాని విలువ ఎంతని అడిగితే తడుముకోకుండా చెబుతాడు. అసలు, వడ్డీ కలిపితే లెక్క తేలిపోతుంది. కాని పొరుగువారు ఉమ్మడి గోడను పడగొట్టకుండా ఆపాలని కోర్టుకెక్కిన వ్యక్తి తాను కోరే ఉత్తర్వుకు రూపాయల్లో వెల కట్టవలసివస్తే చిక్కు మొదలవుతుంది. ఆ అంకెను బట్టే దావా ఏ న్యాయస్థానానికి వెళ్లాలో నిర్ణయమవుతుంది. సివిల్ న్యాయస్థానాలు పలు అంచెలుగా ఉన్న కోల్‌కతా నగరంలో ఇది కేవలం లాంఛనం కాదు.

1862లో ఏర్పడిన కలకత్తా హైకోర్టుకు నగరంలోని పెద్ద దావాలను నేరుగా విచారించే ఒరిజినల్ సైడ్ ఉంది. దానికి సమీపంలోనే కిరణ్ శంకర్ రాయ్ రోడ్డులో సిటీ సివిల్ కోర్టు ఉంది. 1953 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ కోర్టు నిర్ణీత విలువకు లోబడిన దావాలనే చేపడుతుంది. ఆ పరిమితిని రాష్ట్ర శాసనసభ పలుమార్లు పెంచింది. స్మాల్ కాజెస్ కోర్టుకు మాత్రం 1882 నాటి ప్రెసిడెన్సీ చట్టం ప్రకారం, విలువ ఎంత తక్కువైనా సరే, ఇంజంక్షన్ దావాను స్వీకరించే అధికారం లేదు.

వాది మాటే ప్రాతిపదిక

దావా విలువను దావా పత్రంలోనే పేర్కొనాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ నిర్దేశిస్తోంది. విచారణార్హత గల కోర్టుల్లో అన్నిటికన్నా దిగువ అంచెలోనే దావా వేయాలని దాని 15వ సెక్షన్ చెబుతోంది. ఇంజంక్షన్ దావాలో, కోరిన ఉపశమనానికి వాది కట్టిన విలువపైనే కోర్టు రుసుం లెక్కించే పద్ధతి 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం నుంచి వస్తున్నది. పశ్చిమ బెంగాల్ 1970లో చేసుకున్న సొంత చట్టం కూడా ఆ పద్ధతినే స్వీకరించి, ఆ విలువను విచారించి సరిదిద్దే అధికారాన్ని కోర్టుకు ఇచ్చింది. రుసుం కోసం కట్టిన విలువే విచారణ పరిధికీ వర్తిస్తుందని 1887 నాటి దావాల విలువ నిర్ధారణ చట్టం 8వ సెక్షన్ పేర్కొంటున్నది. రుసుం విలువను ముందు నిర్ణయించి, దాని ప్రకారం పరిధిని తేల్చాలని సుప్రీంకోర్టు 1958లో సత్తప్ప చెట్టియార్ కేసులో స్పష్టం చేసింది.

అందువల్ల కోటి రూపాయల ఇంటికి సంబంధించిన తగాదా అయినంత మాత్రాన దావా విలువ కోటి రూపాయలు కానక్కరలేదు. వెల కట్టవలసింది ఇంటికి కాదు, కోరిన నిషేధాజ్ఞకు.

అయితే ఈ స్వేచ్ఛకు హద్దు ఉంది. విలువ తక్కువ చూపితే రుసుం తగ్గి దావా దిగువ కోర్టులో నిలుస్తుంది. ఎక్కువ చూపితే హైకోర్టుకు దారి ఏర్పడుతుంది. వాది కట్టిన విలువ నిరాధారంగా, అసమంజసంగా ఉంటే కోర్టు జోక్యం చేసుకోవచ్చునని 1987లో తారాదేవి కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. విలువ కట్టడానికి వాస్తవమైన ప్రమాణం ఏదీ లేనప్పుడు వాది మాటనే సాధారణంగా అంగీకరించాలని 1988లో కమర్షియల్ ఏవియేషన్ కేసులో తీర్పునిచ్చింది.

తెలుగునాట పద్ధతి కొంత భిన్నం. 1956 నాటి ఆంధ్రప్రదేశ్ కోర్టు ఫీజులు, దావాల విలువ నిర్ధారణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిపై వాది హక్కును ప్రతివాది కాదంటే మార్కెట్ విలువలో సగం ప్రాతిపదికగా రుసుం చెల్లించాలి.

ఉత్తర్వు ముందు, తగవు తర్వాత

అసలు చిక్కు మధ్యంతర ఉత్తర్వుల వద్ద వస్తుంది. జాప్యం జరిగితే దావా ప్రయోజనమే దెబ్బతింటుందని తోచినప్పుడు కారణాలు నమోదు చేసి, ప్రతివాదికి నోటీసు ఇవ్వకుండానే కోర్టు ఇంజంక్షన్ ఇవ్వవచ్చు. అలా ఇచ్చిన తర్వాత 30 రోజుల్లో ఆ దరఖాస్తును పరిష్కరించడానికి ప్రయత్నించాలి. అంటే దావా విలువపై ప్రతివాది నోరు విప్పేసరికే అతని చేతులు కట్టుబడి ఉంటాయి.

ప్రతివాది అభ్యంతరాన్ని ప్రథమ విచారణ కోర్టులోనే, సాధ్యమైనంత త్వరగా, వివాదాంశాలను ఖరారు చేసేలోగా లేవదీయాలి. అలా చేయకపోతే, న్యాయానికి విఘాతం కలిగిందని చూపకపోతే అప్పీలులో ఆ మాట చెల్లదని 21వ సెక్షన్ చెబుతోంది. సరిదిద్దిన విలువ పరిమితిని దాటితే కోర్టు దావా పత్రాన్ని వాపసు చేస్తుంది. తగిన కోర్టులో విచారణ మళ్లీ మొదటి నుంచి జరగవలసిందేనని 2020లో ఎక్స్‌ఎల్ కెరీర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు అంకె వేసిన వాది నెలల శ్రమను కోల్పోతాడు.

అంతవరకు ఉత్తర్వును లెక్కచేయనవసరం లేదని ప్రతివాది భావిస్తే అది ప్రమాదకరం. బొంబాయి సిటీ సివిల్ కోర్టు ఇచ్చిన మధ్యంతర ఇంజంక్షన్‌పై 1997లో తయ్యబ్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తగవు దావా విలువకు కాక విషయానికి సంబంధించినది. ఆ కోర్టుకు పరిధి లేదని తర్వాత తేలినప్పటికీ, ఉత్తర్వు అమలులో ఉన్న కాలంలో దానిని ఉల్లంఘించినవారు శిక్షార్హులేనని న్యాయమూర్తులు నిర్ణయించారు. కనుక ఉత్తర్వు అందుకున్న వ్యక్తి ముందు దానిని పాటించి, ఆ తర్వాత దావా విలువను ప్రశ్నించడమే క్షేమం.