కెర్నల్ మారినా నిలిచే డ్రైవర్: సర్వర్‌పై డీకేఎంఎస్ స్థాపన

తాళపత్రాల ప్రతిబింబాలను, పాత పత్రికల సంచికలను లినక్స్ సర్వర్లలో భద్రపరుస్తున్న ఈ కాలంలో సర్వర్ నిర్వహణ తెలుగు పరిశోధకునికి పూర్తిగా పరాయి విషయం కాదు. భద్రతా సవరణల కోసం కెర్నల్‌ను నవీకరించి యంత్రాన్ని తిరిగి ప్రారంభించగానే నెట్‌వర్క్ కార్డు పనిచేయకపోవడం నిర్వాహకులకు తెలిసిన చిక్కే. దూరాన ఉన్న సర్వర్‌లో ఇది జరిగితే దత్తాంశం చెక్కుచెదరదు, కాని ఎవరికీ అందదు.

దీనికి కారణం డ్రైవర్ స్వభావంలోనే ఉంది. ('చోదకం' అనే అనువాదం ఉన్నా, వాడుకలో స్థిరపడిన 'డ్రైవర్' అనే మాటనే ఇక్కడ గ్రహిస్తున్నాను.) కెర్నల్‌తో పాటు వచ్చే డ్రైవర్లు దానితోనే నవీకరణ పొందుతాయి. తయారీదారు విడిగా ఇచ్చిన మూలసంకేతం నుండి నిర్మించుకున్న మాడ్యూల్‌కు ఆ సౌకర్యం లేదు. ఒక కెర్నల్ కోసం నిర్మించినది మరొక కెర్నల్‌లో ఇమడకపోవచ్చు. మూలసంకేతాన్ని భద్రపరిచి, కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్‌ను పునర్నిర్మించే సాధనమే డీకేఎంఎస్. డెల్ సంస్థ లినక్స్ ఇంజనీర్లు దీనిని 2003 ప్రాంతంలో రూపొందించారు.

రాకీ లినక్స్ 9ను ఉదాహరణగా తీసుకుందాం. డీకేఎంఎస్ దాని మూల భాండాగారాలలో లేదు. ఈపీఈఎల్ అనే అదనపు భాండాగారంలో లభిస్తుంది. కనుక డీఎన్ఎఫ్ ద్వారా ముందు 'ఈపీఈఎల్-రిలీజ్'ను, తరువాత 'డీకేఎంఎస్'ను స్థాపించాలి. జీసీసీ, మేక్ అనే నిర్మాణ సాధనాలు, 'కెర్నల్-డెవెల్' ప్యాకేజీ కూడా ఉండాలి. ఎక్కువగా పొరపాటు జరిగేది ఈ చివరిదాని దగ్గరే. నవీకరణ చేసి యంత్రాన్ని తిరిగి ప్రారంభించకపోతే నడుస్తున్నది పాత కెర్నల్, దిగుమతి అయ్యేది కొత్త కెర్నల్ శీర్షికలు. రెండూ సరిపోలక నిర్మాణం విఫలమవుతుంది. 'యూనేమ్' ఆదేశంతో నడుస్తున్న సంచికను ముందే సరిచూసుకోవడం అవసరం.

డ్రైవర్ మూలసంకేతాన్ని పేరు, సంచికా సంఖ్యలతో కూడిన డైరెక్టరీలో ఉంచి 'యాడ్', 'బిల్డ్', 'ఇన్‌స్టాల్' అనే మూడు ఆదేశాలను వరుసగా ఇవ్వాలి. ఆ డైరెక్టరీలోని విన్యాస ఫైలులో 'ఆటోఇన్‌స్టాల్' విలువ 'యస్' అని లేకపోతే తదుపరి కెర్నల్‌కు పునర్నిర్మాణం తనంతట తాను జరగదు. అప్పుడు సాధనం ఉన్నా ప్రయోజనం నెరవేరదు.

సెక్యూర్ బూట్ అమలులో ఉన్న యంత్రంలో మరో అడ్డంకి ఎదురవుతుంది: నమ్మకమైన సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ తిరస్కరిస్తుంది. డీకేఎంఎస్ మూడవ తరం సంచికలు సంతకానికి కావలసిన తాళపుచెవిని స్వయంగా సృష్టించుకోగలవు. అయితే దాని బహిరంగ భాగాన్ని 'మోక్‌యుటిల్' ద్వారా నమోదుకు పంపి, పునఃప్రారంభ సమయంలో తెరపై సంకేతపదమిచ్చి ఆమోదించాలి. ఆ తెర నెట్‌వర్క్ మేల్కొనక ముందే వస్తుంది కాబట్టి యంత్రం ఎదుట మనిషైనా ఉండాలి, దూరనియంత్రణ కన్సోలైనా ఉండాలి. ఈ ఏర్పాటు లేకుండా పని మొదలుపెట్టడం సాహసమే.

పునఃప్రారంభానికి ముందు 'డీకేఎంఎస్ స్టేటస్' ఆదేశమిచ్చి, కొత్త కెర్నల్ సంఖ్య ఎదురుగా 'ఇన్‌స్టాల్డ్' అని ఉన్నదో లేదో చూడాలి. లేకపోతే పాత కెర్నల్‌ను తొలగించరాదు. బూట్ పట్టికలో దానిని ఎంచుకుని, పాత డ్రైవర్‌తోనే యంత్రాన్ని మళ్లీ నడిపించవచ్చు.