మొక్కే డ్రైవర్.. వెలుగు ఎటుంటే రోబో అటే!

యాడికి లాంటి మెట్ట ప్రాంతంలో వాన ముఖం చాటేస్తే, ఆకులు వాలాకే వేరుశనగ పైరు కష్టం రైతు కంట పడుతుంది. మరి మొక్క తన అవసరాన్ని తానే చెప్పగలిగితే? అలాంటిదే 'ఎలోవన్'. 2018లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో హర్‌ప్రీత్ సరీన్, పాటీ మేస్ చేసిన మొక్క-రోబో ఇది.

ఎలా పనిచేస్తుందంటే.. వెలుతురు మారినా, గాయమైనా మొక్కలో సన్నటి విద్యుత్ సంకేతాలు పుడతాయి. కాండానికి, ఆకులకు పెట్టిన ఎలక్ట్రోడ్లు వాటిని పట్టుకుంటాయి. ఆ సంకేతాలను పెంచి కుండీ కింద ఉన్న చక్రాల రోబోకు పంపుతారు. అటూ ఇటూ ఉన్న లైట్లలో ఏది వెలిగితే మొక్క అటు కదులుతుంది.

ఇది చేలో వాడే యంత్రం కాదు, కళా ప్రయోగమే. కానీ నేల ఎండినా మొక్కలో సంకేతాలు మారతాయి. వాటిని వినడం నేర్చుకోవాల్సింది మనమే.