తంగేడు గింజ ఎందుకు మొలవలేదు?

“చెరువుగట్టు మీద ఎండిన తంగేడు కాయలు తెచ్చి, గింజలు కుండీలో వేశాను. పక్క కుండీలో బంతి ఐదో రోజుకే మొలిచింది. తంగేడు నెల దాటినా రాలేదు. గింజలు చచ్చిపోయాయా?” అని ఆరో తరగతి పాప అడిగింది.

చచ్చిపోలేదమ్మా. ఒకసారి వంటింట్లోకి పోదాం. పెసలు రాత్రి నానబోస్తే తెల్లారేసరికి దాదాపు అన్నీ ఉబ్బుతాయి. ఒకటో రెండో మాత్రం వేసినవి వేసినట్టే ఉంటాయి. గుగ్గిళ్లు తింటుంటే పంటికి టక్కున తగిలేవి అవే. వాటి పైతోలు నీటిని లోపలికి పోనివ్వలేదు, అంతే. తంగేడు కూడా పెసర, చిక్కుడుల కుటుంబానిదే. కాకపోతే పెసల్లో ఒకటీ అరా ఉండే మొండి గింజలు తంగేడులో చాలా ఎక్కువ. వెంటనే మొలిచిన మొక్కల పెసలనే రైతులు తరతరాలుగా విత్తనానికి దాచుకుంటూ వచ్చారు. తంగేడును అలా ఎవరూ ఏరలేదు. అది ఇంకా అడవి మొక్కే.

ఆ మొండితనం దానికెందుకు? మన ఎండాకాలాన్ని తలుచుకో. ఏప్రిల్‌లో ఒక జల్లు పడుతుంది, నేల తడుస్తుంది, మర్నాటికి మళ్లీ నిప్పులు చెరిగే ఎండ. ఆ జల్లును నమ్మి గింజలన్నీ మొలిస్తే అన్నీ మాడిపోతాయి. గట్టి తోలున్నవి ఆగుతాయి. పగటి వేడి, రాత్రి చల్లదనం, ఇసుక రాపిడి, మట్టిలోని సూక్ష్మజీవులు కలిసి ఆ తోలును నెమ్మదిగా పగలగొడతాయి. ఒక్కో గింజ తోలు మందం ఒక్కో రకం కాబట్టి ఒకటి ఈ ఏడు మొలిస్తే ఇంకొకటి పై ఏడు మొలుస్తుంది. ఒక కరవుకు వంశమంతా పోదు. నాకు తంగేడులో పువ్వు కన్నా ఈ ఏర్పాటే అందంగా కనిపిస్తుంది.

మట్టి ఏళ్ల తరబడి చేసే పనిని నువ్వు ఐదు నిమిషాల్లో చెయ్యొచ్చు. గింజను సాండ్ పేపర్ మీద ఒక పక్క మెల్లగా రుద్దు. లోపలి లేత రంగు కాస్త కనబడగానే ఆపు. కాయకు అతుక్కుని ఉండే కొన దగ్గర మాత్రం రుద్దకు, మొలక అక్కడే ఉంటుంది. తర్వాత రాత్రంతా నీళ్లలో వెయ్యి. ఉబ్బినవి నాటు. ఉబ్బనివాటిని ఇంకాస్త రుద్ది మళ్లీ నానబెట్టు.

తొలకరికి నాటితే మంచిది. ఎర్రమట్టిలో ఇసుక కలిపి, గింజ మందానికి రెండింతల లోతున పెట్టు. దీని తల్లివేరు నిలువునా దిగుతుంది, తర్వాత పీకి మార్చితే తట్టుకోవడం కష్టం. అందుకే నేరుగా నేలలో, రోజంతా ఎండ తగిలేచోట వేస్తే మేలు. నీళ్లు నిలవకూడదు. మొదటి ఏడు మొక్క పొట్టిగానే ఉంటే కంగారుపడకు, కింద వేరు పెరుగుతుంటుంది. బంతిలా ఒక్క పంటతో ఎండిపోయేది కాదు కదా, ఏళ్లపాటు పూసే పొద. ముందు వేరును చూసుకుంటుంది.

నెల నుంచి మొలవని ఆ కుండీ ఉంది చూడు, దాన్ని పారబోయకు. అరుగు చివర వానకు తడిసేలా పెట్టి ఉంచు. వచ్చే జూలైలో ఒకసారి మట్టి వంక చూడు.