కోచ్ మారితే క్లబ్బు రాత మారుతుందా?

క్యాంప్ 1 (భిలాయ్): ఫుట్‌బాల్ క్లబ్బుకు కొత్త కోచ్ వచ్చాడన్న వార్త వెలువడిన ప్రతిసారీ అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోవడం పరిపాటి. ఈయనతోనైనా జట్టు గట్టెక్కుతుందని ఒక వర్గం ఆశపడుతుంది. పాతవాడు చేయలేనిది ఈయన మాత్రం ఏం చేయగలడని మరో వర్గం పెదవి విరుస్తుంది. ఇంగ్లండులో మేనేజర్ అనీ, మన దేశంలో ప్రధాన కోచ్ అనీ వ్యవహరించే ఈ ఒక్క పదవి చుట్టూ ఇన్ని ఆశలు, ఇన్ని సందేహాలు అల్లుకోవడం సహజమే. అయితే ఆరేళ్లపాటు తెలుగువారి పేరు నిలిపిన హైదరాబాద్ ఎఫ్.సి. చరిత్రను పరిశీలిస్తే, ఈ రెండు వర్గాలూ ముందుగా వేయవలసిన ప్రశ్న వేరే ఉందని స్పష్టమవుతుంది. కొత్త కోచ్‌ను తెచ్చిన సంస్థ ఆయనను ఎంతకాలం, ఏ వనరులతో నిలబెట్టగలదన్నదే ఆ ప్రశ్న.

ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని జీవించే ఈ పట్టణంలో ఈ సంగతిని విడమరచి చెప్పనక్కరలేదు. 1959లో భిలాయ్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన కాలం నుంచీ ఉపాధి వెతుక్కుంటూ తరలివచ్చిన తెలుగు కుటుంబాలు క్యాంప్ 1లో స్థిరపడ్డాయి. ఇనుప ఖనిజం, కోక్ వేళకు అందకపోయినా, మరమ్మతులు వాయిదా పడుతున్నా ఎంతటి సమర్థుడైన అధికారి వచ్చినా ఉత్పత్తి పెరగదని ఇక్కడి కార్మికునికి అనుభవపూర్వకంగా తెలుసు. ఫుట్‌బాల్ క్లబ్బు పరిస్థితి కూడా దాదాపు ఇదే.

ఓటములతో ఆరంభం

పుణె నగరపు క్లబ్బు మూతపడగా దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. ఆవిర్భవించింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం దానికి సొంత మైదానమైంది. ఇంగ్లండులో హల్ సిటీ జట్టుకు మేనేజర్‌గా పేరు గడించిన ఫిల్ బ్రౌన్ తొలి కోచ్ కావడంతో అభిమానులలో ఆశలు చిగురించాయి. కానీ తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 5-0 తేడాతో జట్టు పరాజయం పాలైంది. 2020 జనవరిలో బ్రౌన్‌కు ఉద్వాసన పలికారు. ఆ సీజన్‌లో ఆడిన 18 మ్యాచ్‌లలో 2 మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో హైదరాబాద్ అట్టడుగున నిలిచింది.

తరువాతి ఆశ స్పెయిన్‌కు చెందిన ఆల్బర్ట్ రోకా. బెంగళూరు క్లబ్బును విజయపథంలో నడిపిన అనుభవం ఆయనకుంది. అయితే 2020 ఆగస్టులో బార్సిలోనా క్లబ్బు నుంచి పిలుపు రావడంతో, కొత్త సీజన్ మొదలు కాకముందే ఆయన వెళ్లిపోయారు. ఆ నెలాఖరున మరో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్క్వెజ్ బాధ్యతలు చేపట్టారు. ఏడాది తిరగక ముందే ముగ్గురి పేర్లు విన్న అభిమానులు ఆయనను సందేహంతో చూసి ఉంటే తప్పు పట్టలేము.

చూడలేకపోయిన వైభవం

ఆ సందేహాలను మార్క్వెజ్ మూడేళ్లలో పటాపంచలు చేశారు. పెద్ద పేరున్న తారల కోసం వెంపరలాడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులకు వరుసగా అవకాశాలిచ్చారు. 2020-21లో జట్టు 29 పాయింట్లతో 5వ స్థానానికి ఎదిగింది. మరుసటి సీజన్‌లో 38 పాయింట్లతో 2వ స్థానం సంపాదించింది. నైజీరియా ఆటగాడు ఒగ్బెచే 18 గోల్స్ సాధించి అగ్రస్థానంలో నిలిచాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో స్కోరు 1-1గా సమమైంది. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లను అడ్డుకోగా, హైదరాబాద్ 3-1తో ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీని కైవసం చేసుకుంది.

అభిమానుల దురదృష్టమేమంటే, కొవిడ్ కారణంగా ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. తమ జట్టు ఎదుగుదలను హైదరాబాద్ వాసులు సొంత మైదానంలో కన్నులారా చూడలేకపోయారు. 2022-23లో మళ్లీ గచ్చిబౌలికి తిరిగి వచ్చిన జట్టు 42 పాయింట్లతో 2వ స్థానాన్ని నిలబెట్టుకున్నా, సెమీఫైనల్లో పెనాల్టీలలో ఓడిపోయింది. ఆ సీజన్ ముగియగానే మార్క్వెజ్ గోవా క్లబ్బుకు తరలిపోయారు.

జీతాలు ఆగినప్పుడు

ఆ తరువాతి పతనం కోచ్‌ల సామర్థ్యానికి సంబంధించినది కాదు. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య నిషేధం విధించింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరుగా తప్పుకున్నారు. మణిపూర్‌కు చెందిన తంగ్‌బోయ్ సింగ్టో కుర్రవాళ్లతోనే జట్టును నెట్టుకు రావలసి వచ్చింది. 2023-24లో 22 మ్యాచ్‌లకు గాను ఒకే ఒక్క విజయం, 8 పాయింట్లు, చివరి స్థానం. రెండేళ్ల క్రితం ట్రోఫీ ఎత్తిన క్లబ్బు ఇదేనంటే నమ్మశక్యం కాని పరిస్థితి ఏర్పడింది.

2024లో బి.సి. జిందాల్ గ్రూపు యాజమాన్యాన్ని చేపట్టడంతో అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. ఆ డిసెంబరులో సింగ్టో తప్పుకోగా, కేరళకు చెందిన షమీల్ చెంబకత్ కోచ్ అయ్యారు. జట్టు 18 పాయింట్లతో 13 జట్లలో 12వ స్థానంలో సరిపెట్టుకుంది. చివరకు 2025 అక్టోబరులో క్లబ్బు దేశ రాజధానికి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. కొత్త కోచ్ ఎలా ఆడిస్తాడోనని ఎదురుచూస్తూ వచ్చిన అభిమానికి అసలు క్లబ్బే లేకుండా పోయింది.

రహీం నాటి హైదరాబాద్

ఇదే నగరం ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు శిక్షణాలయమన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు ఆ జట్టు రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానం పొందింది. జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

రహీం ప్రతిభ అసామాన్యం. అయితే ఆయనకు దక్కిన పరిస్థితులూ గమనార్హం. పోలీసు శాఖ ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చింది. నెల తిరిగేసరికి జీతం అందింది. నగర ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా స్థానిక పోటీల నిర్వహణ ఆయన చేతిలోనే ఉండేది. పదమూడేళ్ల వ్యవధి దక్కింది. ఇంగ్లండులో మాంచెస్టర్ యునైటెడ్ సైతం 1986లో అలెక్స్ ఫెర్గూసన్‌ను నియమించి, తొలి కప్పు కోసం 1990 వరకు వేచి చూసింది. ఆ ఓపికకు ప్రతిఫలంగా 2013లోగా 13 లీగ్ టైటిళ్లు దక్కాయి.

జాతీయ జట్టులోనూ అదే తీరు

హైదరాబాద్‌కు ట్రోఫీ తెచ్చిన మార్క్వెజ్ 2024 జులైలో భారత జట్టు కోచ్‌గా నియమితులయ్యారు. కొంతకాలం గోవా క్లబ్బు బాధ్యతలను కూడా మోశారు. 8 మ్యాచ్‌లలో మాల్దీవులపై సాధించినది ఒక్కటే విజయం. 2025 జులైలో ఆయన వైదొలిగారు. కోచ్ ఆయనే, విద్య అదే; పనిచేసిన పరిస్థితులు వేరు.

ఆయన స్థానంలో 2025 ఆగస్టు 1న ఖాలిద్ జమీల్ ఎంపికయ్యారు. 13 ఏళ్ల తరువాత పూర్తిస్థాయి బాధ్యత దక్కిన తొలి భారతీయుడాయన. అప్పటికి ఆయన మరో ఉక్కు పట్టణమైన జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ క్లబ్బుకు కోచ్‌గా ఉన్నారు. సెప్టెంబరులో మధ్య ఆసియా దేశాల పోటీలలో ఒమన్‌ను పెనాల్టీలలో ఓడించి 3వ స్థానం సాధించడంతో ఆశలు రేకెత్తాయి. అక్టోబరు 14న సొంతగడ్డపై సింగపూర్ చేతిలో 2-1తో ఓడి, 2027 ఆసియా కప్ అవకాశం చేజారడంతో అవి అడుగంటాయి. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓటమి తప్పలేదు.

ఆ రోజుల్లోనే లీగ్ పునాదులు కదిలాయి. ఏటా సుమారు 50 కోట్ల రూపాయలు సమాఖ్యకు సమకూర్చే 15 ఏళ్ల వాణిజ్య ఒప్పందం 2025 డిసెంబరుతో ముగిసింది. పునరుద్ధరణపై స్పష్టత లేక కొన్ని క్లబ్బులు అంతకు ముందే ఆటగాళ్ల జీతాలు నిలిపివేశాయి. సూపర్ లీగ్ 2026 ఫిబ్రవరికి వాయిదా పడింది. ఆడడానికి మ్యాచ్‌లే లేని ఆటగాళ్లను ఏ కోచ్ తీర్చిదిద్దగలడు?

అడగవలసిన మూడు ప్రశ్నలు

కనుక కొత్త కోచ్ వచ్చినప్పుడు అభిమాని ముందుగా మూడు విషయాలు తెలుసుకోవడం శ్రేయస్కరం. ఆటగాళ్లకు జీతాలు వేళకు అందుతున్నాయా? కోచ్‌కు కనీసం మూడేళ్ల గడువు ఉందా? స్థానిక బాలురను తయారుచేసే ఏర్పాటు ఏమైనా ఉందా? ఈ మూడింటికీ సంతృప్తికరమైన సమాధానం లభిస్తే అనామకుడైన కోచ్‌పై కూడా ఆశ పెట్టుకోవచ్చు. లభించకపోతే ఎంత గొప్ప పేరు వినిపించినా సందేహించడమే వివేకం.

2025-26 సూపర్ లీగ్‌లో తెలుగు నగరం పేరు ధరించిన జట్టు ఒక్కటీ లేదు. రేపు మరో సంస్థ ముందుకు వచ్చి గచ్చిబౌలిలో మళ్లీ దీపాలు వెలిగించవచ్చు. ఆనాడు కోచ్ ఏ దేశస్థుడని కాక, క్లబ్బు ఖర్చును పదేళ్లపాటు ఎవరు భరిస్తారని అభిమానులు నిలదీయగలిగితే, హైదరాబాద్ ఎఫ్.సి. మిగిల్చిన చేదు అనుభవానికి కొంతైనా సార్థకత చేకూరుతుంది.