కంప్యూటరు విండోల చిక్కులు, వానిని సరిచేయు మార్గములు

కర్మన్‌ఘాట్ నుండి దిల్‌సుఖ్‌నగరు వైపు పోవువారికి దారిలో కోచింగు సెంటర్ల బోర్డులు విరివిగా కనబడుచుండును. వానిలో పెక్కు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట నేర్పెదమని ప్రకటించునవియే. మన విద్యార్థులలో పలువురు ముందుముందు ఈ విద్య నభ్యసింప గోరువారు. వారి తలిదండ్రులకు మాత్రము ఈ విద్యతో కలుగు పరిచయమంతయు ఆఫీసు కౌంటరు వద్ద గుమాస్తా పలుకు "సిస్టం హ్యాంగ్ అయిందండీ, కాసేపు ఆగండి" అను మాటతోనే ముగియుచున్నది. ఫీజు కట్టవచ్చిన తండ్రియు, సర్టిఫికెటు కొరకు వచ్చిన బాలుడును వరుసలో నిలిచి ఆ స్క్రీను వంక చూచుచుందురు. దాని లోపల ఏమి జరుగుచున్నదో, దానిని సరిచేయుట ఎట్లో ఈ వ్యాసమున తెలుప యత్నించెదము. ప్రోగ్రాములు వ్రాయనేర్చువారికిని, వానిని వాడుకొను వారికిని ఇది కొంత ఉపకరింపగలదు.

మైక్రోసాఫ్ట్ కంపెనీవారు విండోస్ అను దానిని మొట్టమొదట 1985వ సంవత్సరము నవంబరు 20వ తేదీన విడుదల చేసిరి. ఆ మొదటి విండోస్‌లో ప్రోగ్రాముల విండోలు ఒకదానిపై నొకటి పడుటకు వీలు లేకుండెను. అవి గచ్చుపై పరచిన పలకలవలె ప్రక్కప్రక్కనే యుండెడివి. డయలాగు పెట్టెలకు మాత్రమే ఇతర విండోల మీదికి వచ్చు అధికారముండెను. 1987లో వెలువడిన రెండవ విండోస్‌తో తక్కినవానికిని ఆ స్వేచ్ఛ కలిగెను. ఈ కంపెనీ 1998లో హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది. ఈ నగరమున జన్మించి హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల 2014లో ఆ కంపెనీకి ముఖ్య కార్యనిర్వహణాధికారి యయ్యెను. కావున ఈ విషయము మనకు దూరపు సంగతి కాదు.

డయలాగు అనగా సంభాషణ. ప్రోగ్రాము మనలను ఒక ప్రశ్న యడిగి బదులు కోరుటకై తెరచు చిన్న విండోకే ఆ పేరు. డయలాగులు రెండు తెగలు. బదులు చెప్పువరకు తన యజమాని విండోలో వేరు పని జరుగనీయనిది మోడల్ డయలాగు. పనిని సాగనిచ్చుచు ప్రక్కన నిలిచియుండునది మోడ్‌లెస్ డయలాగు. ఈ భేదమును మొదటనే గుర్తుంచుకొనవలెను, ఏలనన చిక్కులలో పెక్కు దీనివలననే పుట్టుచున్నవి.

ఇక విండో పనిచేయు తీరును ఒక పోలికతో చెప్పెదము. ఒక ఆఫీసులో ఒకే గుమాస్తా కలడనుకొనుడు. అతని బల్లపై ఒక తపాలా పెట్టె యున్నది. మనము మౌసు నొక్కినను, కీబోర్డుపై అక్షరము కొట్టినను, విండోస్ ఒక ఉత్తరమును ఆ పెట్టెలో వేయును. దీనికి మెసేజి అని పేరు. గెట్‌మెసేజ్ అను ఫంక్షను ఒక్కొక్క ఉత్తరమును బయటికి తీయును. డిస్పాచ్‌మెసేజ్ అను ఫంక్షను దానిని తగిన విండో ప్రొసీజరునకు అందజేయును. ఆ ప్రొసీజరు తనకు సంబంధించినదానిని తాను చూచుకొని, తక్కినవానిని డెఫ్‌విండోప్రాక్ అను ఫంక్షనుకు అప్పగింపవలెను. ఆ ఫంక్షనే విండోను జరుపుట, చిన్నదిగా పెద్దదిగా చేయుట మొదలగు సామాన్య కార్యములను నెరవేర్చును. ఇంతమాత్రము తెలిసినచో చిక్కులలో సగము తెలిసినట్లే.

మొదటి చిక్కు విండో బిగిసిపోవుట. గుమాస్తా ఒక ఉత్తరము నందుకొని, అందు కోరిన లెక్క తెముల్చుటకై నిమిషముల కొలది కూర్చుండెనేని, తక్కిన ఉత్తరములు పెట్టెలోనే పడియుండును. ఐదు సెకండ్లు దాటినను ప్రోగ్రాము ఉత్తరములు తీయకున్నచో, విండోస్ దానిని బదులీయనిదిగా నెంచి, దాని స్థానమున నీడవంటి మరియొక విండోను నిలుపును. పై పట్టీపై "నాట్ రెస్పాండింగ్" అను మాట కనబడును. దీనినే మనవారు హ్యాంగ్ అగుట యందురు. ప్రోగ్రాము చచ్చెనని దీని యర్థము కాదు. లోపల లెక్క సాగుచుండవచ్చును. కావున వాడుకొనువారు తొందరపడి దానిని మూయక కొంతసేపు వేచియుండుట మేలు. మూసినచో భద్రపరపని పని యంతయు పోవును.

దీనిని మాన్పవలసినవాడు ప్రోగ్రామరు. దీర్ఘమైన పనిని వేరొక థ్రెడ్డునకు, అనగా రెండవ గుమాస్తాకు, ఒప్పగింపవలెను. అతడు పని ముగియగానే పోస్ట్‌మెసేజ్ ద్వారా మొదటివానికి కబురంపవలెను. ఇచ్చట ఒక గోయి కలదు. మొదటివాడు రెండవవాని పని ముగియువరకు చేతులు కట్టుకొని కూర్చుండగా, రెండవవాడు సెండ్‌మెసేజ్ అను ఫంక్షనుతో మొదటివానిని పిలిచి బదులు కొరకు ఆగెనేని, ఇద్దరును ఒకరికొకరు ఎదురుచూచుచు ఎన్నటికిని కదలరు. పోస్ట్‌మెసేజ్ ఉత్తరమును వేసి తన దారిని పోవును. సెండ్‌మెసేజ్ బదులు వచ్చువరకు వాకిటనే నిలుచును. రెంటికిని గల వ్యత్యాసమిదియే.

రెండవ చిక్కు డయలాగు మరుగున పడుట. విండో బాగుగనే కనబడును గాని ఎచ్చట నొక్కినను బదులీయదు. కారణమేమనగా, మోడల్ డయలాగొకటి తెరవబడి, దాని వెనుక దాగియున్నది. ప్రతి డయలాగునకు యజమాని విండోను నియమింపవలెను. యజమాని యున్న డయలాగు ఎల్లప్పుడును ఆ యజమానికి పైననే నిలుచును. ప్రోగ్రామరు అశ్రద్ధతో ఆ స్థానమున శూన్యమును వ్రాసి, ప్రధాన విండోను విడిగా నిలుపుదల చేసినచో, డయలాగు వెనుకకు జారుటకు అవకాశము కలుగును. వాడుకొనువారు ఆల్ట్, ట్యాబ్ కీలను కలిపి నొక్కి దానిని వెదకుకొనవచ్చును.

ఇట్టిదే మరియొకటి కలదు. డయలాగును మూయగానే మన ప్రోగ్రామునకు మారుగా వేరొక ప్రోగ్రాము ముందునకు వచ్చును. యజమాని విండోను తిరిగి మేల్కొల్పకముందే డయలాగును నాశనము చేయుట దీనికి కారణము. ముందు యజమానిని మేల్కొల్పి, పిమ్మట డయలాగును తొలగింపవలెను. డయలాగ్‌బాక్స్ అను ఫంక్షనుతో తెరచినదానిని ఎండ్‌డయలాగ్‌తో మూసినచో ఈ క్రమము దానంతట అదియే జరుగును. మోడ్‌లెస్ డయలాగును మాత్రము డెస్ట్రాయ్‌విండోతోనే మూయవలెను. అట్టి డయలాగులో ట్యాబ్ కీ పనిచేయకున్నచో, మెసేజీల చుట్టులో ఈజ్‌డయలాగ్‌మెసేజ్ అను ఫంక్షనును పిలుచుట మరచిరని యెరుంగవలెను.

మూడవ చిక్కు డయలాగు అసలే కనబడకుండుట. మీట నొక్కుదుము, ఏమియు జరుగదు. అట్టియెడ ఊహలతో కాలము గడపక, డయలాగ్‌బాక్స్ ఇచ్చిన ఫలితమును చూడవలెను. అది -1 అయినచో డయలాగు పుట్టలేదన్నమాట. వెంటనే గెట్‌లాస్ట్‌ఎర్రర్ అను ఫంక్షనును అడుగవలెను. నడుమ మరియొక ఫంక్షనును పిలిచినచో ఆ సంఖ్య మారిపోవచ్చును. 1407 వచ్చినచో, విండో తరగతి దొరకలేదని యర్థము. 1814 వచ్చినచో, ఆ పేరుగల డయలాగు నమూనా ఫైలులో లేదని యర్థము. డయలాగులో నుంచిన అంగములలో ఒక్కదాని తరగతి నమోదు కాకున్నను, సామాన్యముగా డయలాగంతయు పుట్టకపోవును. రిచ్ ఎడిట్ అను వ్రాతపెట్టెను వాడి, దాని లైబ్రరీని ముందుగా లోడు చేయనివారికి ఇది తరచుగా ఎదురగును.

నాలుగవ చిక్కు విండో తెరకు వెలుపల పోవుట. రెండు తెరలతో పనిచేసినవాడు ఒకదానిని తీసివేయగా, ప్రోగ్రాము తన పాత స్థానమును జ్ఞాపకముంచుకొని, లేని తెరపై తెరచుకొనును. క్రింది పట్టీపై గుర్తు కనబడును, విండో కనబడదు. వాడుకొనువారు ఆల్ట్, ట్యాబ్‌లతో దానిని ఎన్నుకొని, ఆల్ట్, స్పేసు కీలను కలిపి నొక్కి, ఎమ్ అక్షరమును కొట్టి, బాణపు కీలతో దానిని లోపలికి లాగవచ్చును. ప్రోగ్రామరు స్థానపు సంఖ్య సున్నకు తక్కువగా నున్నంతమాత్రమున తప్పని తలపరాదు. ప్రధాన తెరకు ఎడమన రెండవ తెర యున్నచో అట్టి సంఖ్యలు న్యాయమైనవే. మానిటర్‌ఫ్రంరెక్ట్ అను ఫంక్షను నడిగి, ఆ స్థలమున తెర యున్నదో లేదో నిశ్చయించుకొనవలెను.

ఐదవ చిక్కు మన భాషకు సంబంధించినది. దీనిని మేము అన్నిటికంటె ముఖ్యముగా నెంచుచున్నాము. విండోస్‌లో అక్షరములను గ్రహించు ఫంక్షనులు రెండు విధములు. ఏ గుర్తుతో ముగియునవి పాత పద్ధతివి, డబ్ల్యు గుర్తుతో ముగియునవి యూనికోడు పద్ధతివి. పాత పద్ధతిలో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క అక్షరపట్టిక యుండెడిది. విండోస్‌లో తెలుగునకు అట్టి పట్టిక లేదు. యూనికోడులో మాత్రము తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు లభించెను. కావున తెలుగు పేరును ఏ గుర్తుగల ఫంక్షనునకు అందించినచో, ఒక్కొక్క అక్షరమునకు బదులుగా ఒక్కొక్క ప్రశ్నార్థకము మిగులును. 2019 నాటి విండోస్ 10 కూర్పు నుండి ప్రోగ్రామరు యుటిఎఫ్-8ను తన పట్టికగా ప్రకటించుకొను వీలు కలిగినది. అయినను డబ్ల్యు ఫంక్షనులను వాడుటయే రాజమార్గము.

ఇచ్చట అందరును తెలిసికొనదగిన భేదమొకటి కలదు. స్క్రీనుపై అక్షరములకు మారుగా ఖాళీ చదరములు కనబడినచో, ఫాంటు లేదని యర్థము. పేరు లోపల క్షేమముగా నున్నది. ఫాంటు నిచ్చినచో తిరిగి కనబడును. ప్రశ్నార్థకములు కనబడినచో మాత్రము అక్షరములే మారిపోయియుండవచ్చును. ఆ స్థితిలో "సేవ్" నొక్కినచో అసలు పేరు ఆ రికార్డునుండి మాసిపోవును. ఏ పండితుడును ఆ ప్రశ్నార్థకములనుండి దానిని తిరిగి రాబట్టజాలడు. కావున చదరములను చూచి భయపడనక్కరలేదు. ప్రశ్నార్థకములను చూచినప్పుడు మాత్రము భద్రపరపక ఆగవలెను. తలిదండ్రులారా, మీ బిడ్డల పేరు నమోదగు వేళ స్క్రీనును ఒక్కసారి చూపుమని అడుగుట మీ హక్కు.

తెలుగు డయలాగులలో మరియొక లోపము కలదు. ఇంగ్లీషు మాటల కొలతకు గీచిన పెట్టెలో తెలుగు మాట నుంచినచో, క్రింది వత్తులు తెగిపోవును. "రద్దు" అను మీట "రదు" అని కనబడును. డయలాగు కొలతలు ఫాంటును బట్టి యేర్పడునవి గనుక, తెలుగు ఫాంటునే నియమించి, ఎత్తును కొంత అధికముగా విడిచి, తెరపై స్వయముగా చదివి చూడవలెను.

ఏ చిక్కునకైనను పరీక్షా విధానమొక్కటియే. మొదట ఆ దోషమును మరల మరల కలిగింప నేర్వవలెను. ఏ మీట నొక్కిన తరువాత కలిగెనో వ్రాసికొనవలెను. ప్రతి ఫంక్షను ఇచ్చిన ఫలితమును చూడవలెను. విజువల్ స్టూడియోతో వచ్చు స్పై ప్లస్ ప్లస్ అను సాధనముతో ఏ విండోకు ఏ మెసేజి చేరుచున్నదో, ఎవరికెవరు యజమానియో కనుగొనవలెను. ఒక్కసారి ఒక్కదానినే మార్చవలెను. నాలుగు మార్చిన పిమ్మట దోషము పోయినచో, ఏది కారణమో తెలియదు. అట్టి దోషము మరల రాక మానదు. రసాయన శాస్త్రపు గదిలో మన బాలురు నేర్చుకొను క్రమమే ఇచ్చటను చెల్లును.

తుదకు డయలాగులోని మాటను గూర్చి యొకటి చెప్పవలెను. "ఖచ్చితమా?" అని యడిగి "అవును", "కాదు" అను మీటల నుంచుట మంచి సంభాషణ కాదు. "ఈ విద్యార్థి రికార్డును తొలగింపవలెనా?" అని యడిగి, మీటలపై "తొలగించు", "ఉంచు" అని వ్రాయుట మర్యాద. ఎంటరు కీని నొక్కినచో పనిచేయు మీట ఎల్లప్పుడును హాని లేనిదై యుండవలెను. వరుస పెరిగినకొలది గుమాస్తా చదువకయే నొక్కును. అది మానవ స్వభావము. దానిని ఎరిగి వ్రాయువాడే మంచి ప్రోగ్రామరు. ఈ విద్య నభ్యసింపబోవు విద్యార్థులారా, మీరు వ్రాయు ప్రతి విండోకు ఈవల ఒక మనుష్యుడు నిలిచియున్నాడని మరువకుడు.