ఐదు సీసాల వాక్యం

పారిస్‌లోని వర్త్ అనే దుస్తుల సంస్థ 1924లో తన మొదటి పరిమళాన్ని విడుదల చేసింది. దాని పేరు ‘దాన్ లా న్యూయి’. ఫ్రెంచిలో ‘రాత్రి వేళ’ అని అర్థం. ఆ పేరుకు తగ్గట్టే రెనే లాలిక్ సీసాను రూపొందించారు. నగల తయారీలో పేరుపొంది గాజుపనికి మళ్లిన కళాకారుడాయన. గుండ్రని నీలి సీసా, దాని నిండా నక్షత్రాలు.

తర్వాతి పదేళ్లలో మరో నాలుగు పరిమళాలు వచ్చాయి: ‘వెర్ ల జూర్’, ‘సాన్ ఆద్యూ’, ‘జ రెవియాఁ’, ‘వెర్ త్వా’. భాష చెప్పే మాకు ఇక్కడే ఆసక్తి కలిగింది. ఐదు పేర్లూ వరుసగా చదివితే ఒక ప్రేమ సందేశం అవుతుంది: రాత్రి వేళ, పగటి దిశగా, వీడ్కోలు లేకుండా, తిరిగి వస్తాను, నీ దగ్గరికి.

ఆనాటి ‘దాన్ లా న్యూయి’ తయారీ ఆగిపోయింది. పాత సీసా అడుగున నాలుగు చుక్కలు మిగిలినా అవి అప్పటి వాసన ఇవ్వవు. గాలి, వెలుతురు, వేడి తగిలితే పరిమళం మారిపోతుంది. నిమ్మజాతి వాసనల వంటి తేలికైనవి ముందుగా ఎగిరిపోతాయి. గాజు మాత్రం నిలుస్తుంది. అందుకే సేకర్తలు ఖాళీ సీసాలనూ భద్రంగా దాచుకుంటారు.

మరి పరిమళాన్ని దాచడం ఎలా? దాని పాళ్లు రాసి ఉంచాలి. వెర్సాయ్‌లో 1990లో మొదలైన ‘ఓస్మోతెక్’ అనే పరిమళాల భాండాగారం కనుమరుగైన పరిమళాలను పాత సూత్రాల ప్రకారం మళ్లీ తయారుచేయించి, చల్లని చీకటిలో భద్రపరుస్తోంది. ‘తిరిగి వస్తాను’ అన్న మాట నిలబడాలంటే, ఎవరో ఒకరు ముందే రాసిపెట్టి ఉండాలి.